మన్యం గెడ్డల వెంట అబాట్ బాబ్లర్

విశాఖపట్నానికి ఎగువన సముద్రం వైపు వాలిన తూర్పు కనుమల ఏటవాలుల మీద, ఉత్తరాంధ్ర ప్రజలు గెడ్డలని పిలిచే కొండవాగుల వెంట, చెమ్మ ఆరకుండా నిలిచే చిక్కటి తుప్పల్లో ఒక చిన్న గోధుమరంగు పిట్ట నివసిస్తుంది. పక్షిశాస్త్రంలో దీనికి అబాట్ బాబ్లర్ అని పేరు. నేపాల్, సిక్కిం దిగువ కొండల నుంచి అస్సాం, బంగ్లాదేశ్, మయన్మార్, థాయిలాండ్, మలయా ద్వీపకల్పం మీదుగా సుమత్రా, బోర్నియో దీవుల దాకా విస్తరించి ఉన్న ఈ జాతికి, ఆ ప్రధాన నివాస ప్రాంతం నుంచి తెగిపోయి ఒంటరిగా మిగిలిన ఒక శాఖ ఆంధ్రదేశపు మన్యంలో ఉంది. వర్షారణ్యపు పల్లపు ప్రాంతాలకు చెందిన పిట్ట, ఏడాదిలో నాలుగైదు నెలలు ఎండిపోయే ఆకురాల్చు అడవుల నడుమ ఎలా నిలిచింది, ఏ ఆధారంతో నిలిచింది అన్న ప్రశ్నకు సమాధానం వెతికితే, అడవిలో సాధారణంగా ఎవరూ లెక్కలోకి తీసుకోని ఒక పొర ఎంత విలువైనదో తెలుస్తుంది.

వృక్షశాస్త్రజ్ఞులు ఉష్ణమండలపు తడి అడవిని పొరలు పొరలుగా విభజించి చూస్తారు. అన్నిటికన్న పైన మహావృక్షాల కొమ్మలు ఒకదానితో ఒకటి కలిసి ఏర్పడే పందిరి ఉంటుంది. దాని కింద నీడలో పెరిగే నడిమి చెట్లు, వాటికీ దిగువన మనిషి నడుము ఎత్తు నుంచి తల ఎత్తు దాకా పొదలు, తీగలు, లేత మొక్కలు, వెదురు పిలకలు, అన్నిటికీ అడుగున రాలిన ఆకులు కుళ్ళుతూ ఏర్పడిన మెత్తటి ఆకుచెత్త ఉంటాయి. ఈ చివరి రెండింటినీ కలిపి అడుగుపొర అనవచ్చు. ఎండ తగలక, గాలి వీచక, తేమ నిలిచి ఉండే ఈ పొరలోనే శిలీంధ్రాలు ఆకులను కుళ్ళబెడతాయి, ఆ కుళ్ళును తిని చెదలూ చిన్న పురుగులూ పెరుగుతాయి, వాటిని తినడానికి సాలెపురుగులూ చీమలూ చేరుతాయి. అబాట్ బాబ్లర్ బతుకంతా ఈ పురుగుల మీదే ఆధారపడి ఉంటుంది. 15 నుంచి 17 సెంటీమీటర్ల పొడవు, సుమారు 30 గ్రాముల బరువు ఉండే ఈ పిట్ట జంటగా తిరుగుతూ, పొదల అడుగు కొమ్మల మీదా నేల మీదా గెంతుతూ, ఆకుల అడుగుభాగాల నుంచీ రాలిన ఆకుల మధ్య నుంచీ పురుగులను ఏరుకుంటుంది. దీని వీపు ఆకుపచ్చ ఛాయ కలిసిన గోధుమరంగులోనూ, గొంతు బూడిద తెలుపులోనూ, పొట్ట నడిమిభాగం తెల్లగానూ, పక్కలు తుప్పు రంగులోనూ ఉంటాయి. కంటిపైన బూడిదరంగు గీత ఉంటుంది. తోక పొట్టి, రెక్కలు పొట్టివి, గుండ్రనివి. ఊళ్ళ తోటల్లో గుంపులుగా తిరుగుతూ గోలచేసే బూడిదరంగు పిట్టలను కూడా బాబ్లర్లనే అంటారు గాని, జన్యు పరిశోధనల తరువాత శాస్త్రజ్ఞులు అబాట్ బాబ్లర్‌ను వాటి నుంచి విడదీసి, నేల మీద తిరిగే అడవి బాబ్లర్లతో కలిపి వేరే కుటుంబంలో చేర్చారు.

ఈ పిట్టను కళ్ళతో చూసినవారి కన్న చెవులతో గుర్తించినవారే ఎక్కువ. మగపక్షి మూడు నాలుగు స్వరాల స్పష్టమైన ఈల వేస్తుంది. ఆ ఈల ముగియకముందే ఆడపక్షి పొట్టి కూతలతో బదులిస్తుంది. జంటలోని రెండు పక్షులు ఇలా ఒకరి గొంతులో ఒకరు గొంతు కలపడాన్ని యుగళగానం అంటారు. కంటికి మూరెడు దూరం కూడా ఆనని చిక్కటి పొదల్లో జంట విడిపోకుండా ఉండడానికీ, పక్క జంటలకు తమ హద్దు తెలియజేయడానికీ ఈ పద్ధతి ఉపయోగపడుతుంది. భారతదేశంలో ఇది ఏప్రిల్ నుంచి జూలై దాకా గూడు కడుతుంది. రాలిన ఆకులతోనూ నారలతోనూ అల్లిన పెద్ద గిన్నెలాంటి ఆ గూడు నేలకు అతి సమీపంలో, పొదల మొదళ్ళలోనో తాటిజాతి మొక్కల ఆకుల మొదట్లోనో ఉంటుంది. థాయిలాండ్‌లో ఈ పక్షి గూళ్ళను పరిశీలించినవారికి అవి ముళ్ళున్న తాటిజాతి మొక్కల్లోనూ, పేము పొదల్లోనూ ఎక్కువగా కనిపించాయి. ఆ ముళ్ళే దానికి కోట. ఈ వివరాలన్నీ ఒక్క విషయాన్నే చెబుతాయి: తిండి, గూడు, దాపు, జంటతో మాట, అన్నీ నేల నుంచి మనిషి తల ఎత్తు లోపలే జరిగిపోయే ఈ పక్షికి పైనున్న పందిరి ఒక నీడ మాత్రమే; దాని ఇల్లు కింద ఉంది.

శాస్త్రలోకానికి ఈ జాతి 1845లో పరిచయమైంది. కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం బాధ్యతలు చూసిన ఎడ్వర్డ్ బ్లైత్, బర్మా పశ్చిమ తీరమైన అరకాన్ నుంచి అందిన నమూనాను వర్ణించి, దానిని సేకరించిన అబాట్ అనే బ్రిటిష్ అధికారి పేరు పెట్టాడు. తూర్పు కనుమలలో ఈ పిట్ట ఉందని తెలియడానికి మరో 140 ఏళ్ళు పట్టింది. ఈ ఆలస్యానికి ఇక్కడ ఎవరూ వెతకకపోవడం కారణం కాదు. 1929లో మొదలైన వెర్నే శాస్త్రీయ సర్వే మద్రాసు ప్రెసిడెన్సీలోని తూర్పు కనుమలన్నిటా పక్షులను సేకరించింది. అనంతగిరిలోనూ, అరకు దారిలోని సుంకరమెట్టలోనూ మకాం వేసింది. ఆ సేకరణను హ్యూ విస్లర్, నార్మన్ కిన్నియర్ అనేక భాగాలుగా బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో 1930 దశాబ్దంలో ప్రకటించారు. అంత విస్తృతమైన కృషి వలలో కూడా ఈ పిట్ట పడలేదు. తుపాకీ పట్టుకుని దారుల వెంటా అడవి అంచుల వెంటా నడిచే సేకర్తకు, పొద లోపల నేలను అంటిపెట్టుకుని తిరిగే గోధుమరంగు పిట్ట దొరకడం కష్టం.

దానిని వెలుగులోకి తెచ్చిన కృషిలో విశాఖపట్నానికి చెందిన ప్రకృతి పరిశోధకుడు కె. ఎస్. ఆర్. కృష్ణరాజు పాత్ర ప్రముఖమైనది. బొంబాయి సొసైటీ పత్రికలో ఆయన 1973లోనే పక్షి పరిశోధకుడు ట్రెవర్ ప్రైస్‌తో కలిసి, తూర్పు కనుమలలో చెట్టుపిచ్చుక ఉన్న సంగతిని ప్రకటించారు. చెంప మీద నల్లమచ్చ ఉండే ఆ పిచ్చుక హిమాలయాలలోనూ ఈశాన్య భారతంలోనూ సాధారణమే కాని ద్వీపకల్పంలో అరుదు. ఆ తరువాత అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన డిల్లన్ రిప్లే, బ్రూస్ బీలర్ కృష్ణరాజుతో కలిసి విశాఖ కనుమల పక్షులను అధ్యయనం చేశారు. ఆ అధ్యయనంలో తేలిన బాబ్లర్‌ను రిప్లే, బీలర్ కొత్త ఉపజాతిగా నిర్ధారించి, బ్రిటిష్ ఆర్నిథాలజిస్ట్స్ క్లబ్ బులెటిన్‌లో 1985లో ప్రకటించారు. ఒకే జాతిలో ఉంటూనే ఒక ప్రత్యేక ప్రాంతానికి పరిమితమై, రూపంలో స్థిరమైన తేడాలు చూపే శాఖను ఉపజాతి అంటారు. దాని శాస్త్రీయనామంలో మూడో మాటగా ఆ శాఖ పేరు ఉంటుంది. ఈ ఉపజాతికి పెట్టిన మూడో పేరు కృష్ణరాజుయి. జాతి పేరులో వలస పాలన నాటి అధికారి, ఉపజాతి పేరులో ఈ కొండలను నడిచి చూసిన తెలుగువాడు ఇలా పక్కపక్కన నిలిచారు. ప్రపంచ పక్షుల పట్టికల్లో తెలుగువారి పేర్లు చాలా అరుదు కనుక, ఈ గౌరవం పాఠశాల పుస్తకాలకు ఎక్కవలసినంత పెద్దదని చెప్పడంలో అతిశయోక్తి లేదు.

ఈ కథలో రిప్లే ఉండడం కూడా యాదృచ్ఛికం కాదు. సలీం అలీతో కలిసి భారత, పాకిస్తాన్ పక్షుల మీద 10 సంపుటాల గ్రంథం రాసిన ఈయన, దానికి చాలా ముందే, 1949లో, దక్షిణ భారతంలోనూ సింహళంలోనూ మిగిలిపోయిన అవశేష పక్షుల గురించి ఒక వ్యాసం రాశాడు. ఒకప్పుడు విశాలంగా వ్యాపించిన జాతి వాతావరణం మారి కుంచించుకుపోయినప్పుడు అక్కడక్కడ మిగిలిన శాఖను అవశేషం అంటారు. అదే 1949లో సుందర్‌లాల్ హోరా సాత్పురా సిద్ధాంతం మీద శాస్త్రజ్ఞుల చర్చ జరిగింది. మలయా, అస్సాం అడవుల్లోని జీవులకు దగ్గరి బంధువులు మధ్యలో ఎక్కడా లేకుండా పడమటి కనుమల్లో ఎలా ప్రత్యక్షమయ్యాయన్న ప్రశ్నకు, కొండవాగుల చేపలను పరిశీలించిన హోరా, వింధ్య సాత్పురా పర్వతాలు ఒకప్పుడు తడి అడవులతో నిండిన వంతెనగా పనిచేశాయని ప్రతిపాదించాడు. ఆ దారి గురించి తరువాతి శాస్త్రజ్ఞులు ఎన్నో అభ్యంతరాలు లేవదీశారు. ఈశాన్యం నుంచి ఛోటా నాగపూర్ మీదుగా తూర్పు కనుమల వెంట దక్షిణానికి వచ్చే మరో దారిని సూచించినవారూ ఉన్నారు. దారి ఏదైనా సూత్రం ఒకటే. వర్షాలు విస్తారంగా కురిసిన యుగాలలో తడి అడవులు విస్తరించాయి, పొడి యుగాలలో కుంచించుకుపోయాయి, కుంచించుకుపోయినప్పుడు వాటితోపాటు వచ్చిన జీవులు నీరు నిలిచే లోయల్లో చిక్కుకుపోయాయి. పొడవైన వంపు ముక్కుతో అడవి అరటి పూలలో తేనె తాగే చిన్న స్పైడర్‌హంటర్ కూడా ఈశాన్యంలో, పడమటి కనుమల్లో, విశాఖ కొండల్లో ముక్కలు ముక్కలుగా వ్యాపించి ఉండడం ఈ చరిత్రకు మరో సాక్ష్యం.

చిక్కుకుపోవడం అన్న మాట పక్షి విషయంలో వింతగా తోచవచ్చు. రెక్కలున్న ప్రాణి ఎగిరి వెళ్ళలేదా అన్న అనుమానం సహజమే. ఇదే కొండల్లో శీతకాలం గడిపే మరో పురుగులు తినే పిట్టతో పోల్చి చూస్తే ఈ అనుమానం తీరుతుంది. గ్రీనిష్ వార్బ్లర్ అనే ఆ పిట్ట అబాట్ బాబ్లర్ బరువులో మూడోవంతు కూడా ఉండదు. హిమాలయాలలోనూ అంతకు ఉత్తరాన ఉన్న అడవులలోనూ గుడ్లు పెట్టి పిల్లలను పెంచి, వర్షాకాలం ముగిశాక వేల కిలోమీటర్లు ఎగిరి తూర్పు కనుమలకు చేరి, చెట్ల కొమ్మల్లో తనకంటూ ఒక హద్దు ఏర్పరచుకుని శీతకాలమంతా గడిపే దాని జీవనాన్ని ట్రెవర్ ప్రైస్ ఇక్కడే అధ్యయనం చేసి 1981లో ఐబిస్ అనే పక్షిశాస్త్ర పత్రికలో ప్రచురించాడు. అది కొమ్మల్లోనూ వెలుగులోనూ బతుకుతుంది, రెక్కలు దూరప్రయాణానికి తగినవి. అబాట్ బాబ్లర్ నీడలోనూ పొదలోనూ బతుకుతుంది. దాని పొట్టి గుండ్రని రెక్కలు ఒక పొద నుంచి పక్క పొదకు దూకడానికి పనికొస్తాయి గాని, బయలును దాటి వెళ్ళడానికి పనికిరావు. ఇలాంటి పక్షుల్లో చాలా జాతులు వెలుతురు పడే ఖాళీ జాగా అంటేనే వెనుదిరుగుతాయి. అందుచేత ఒక గెడ్డకూ పక్క గెడ్డకూ నడుమ కొండవాలు నున్నగా చదునైతే, మనిషికి పది నిమిషాల నడక అయిన ఆ దూరం ఈ పిట్టకు సముద్రంతో సమానం.

బ్రెజిల్‌లోని మనౌస్ నగరానికి ఉత్తరాన 1979లో జీవశాస్త్రజ్ఞుడు థామస్ లవ్‌జాయ్ ఆరంభించిన ప్రయోగం ఈ సంగతిని స్పష్టంగా చూపింది. పశువుల మేత భూముల కోసం అమెజాన్ అడవిని నరికే సమయంలో, 1 హెక్టారు, 10 హెక్టార్లు, 100 హెక్టార్ల ముక్కలను విడిచిపెట్టి, వాటిలోని జీవులు ఏమవుతాయో శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా పరిశీలిస్తున్నారు. పైపొరలోని పక్షులూ, పూలతేనె తాగే పక్షులూ కొంతవరకు నిలదొక్కుకోగలిగాయి. నేలకు దగ్గరగా పురుగులు తిని బతికే పక్షులు మాత్రం చిన్న ముక్కల నుంచి త్వరత్వరగా మాయమయ్యాయి. అంచుల నుంచి లోపలికి ఎండా వేడిగాలీ చొరబడడం, ఆకుచెత్త ఎండిపోవడం, పురుగులు తగ్గడం, తగ్గిన చోటికి బయటి నుంచి కొత్త పక్షులు రాలేకపోవడం అందుకు కారణాలు. అబాట్ బాబ్లర్ ఆ దక్షిణ అమెరికా పక్షులంత సున్నితమైనది కాదన్న మాట కూడా ఇక్కడ చెప్పాలి. ఆగ్నేయాసియాలో అది నరికిన తరువాత తిరిగి పెరిగిన అడవుల్లోనూ, నదుల ఒడ్డు పొదల్లోనూ, అడవి అంచుల్లోనూ కనిపిస్తుంది. దానికి కావలసింది వెయ్యేళ్ళ మహారణ్యం కాదు. తేమగా, చిక్కగా, మంట తగలకుండా ఉండే అడుగుపొర. పెద్ద చెట్లు తక్కువైనా తుప్పలు దట్టంగా ఉన్న గెడ్డ దానికి చాలు. పెద్ద చెట్లు నిండుగా ఉన్నా అడుగు ఊడ్చేసిన తోట చాలదు.

అరకులోయ ప్రాంతంలో ఈ తేడా కీలకమవుతుంది. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న లోయ నేల వరిమళ్ళతోనూ, వర్షాకాలం చివర పసుపుపచ్చగా పూసే వలిసె చేలతోనూ నిండి ఉంటుంది. అక్కడ ఈ పిట్టకు చోటు లేదు. అది ఉండగలిగేది లోయను చుట్టిన కొండల వాలుల్లో, గెడ్డల మడతల్లో మాత్రమే. ఆ వాలుల్లోనే కొండదొర, భగత, కోదు, పోర్జ, గదబ, వాల్మీకి మొదలైన గిరిజనులు తరతరాలుగా పోడు వ్యవసాయం చేశారు. కొండవాలు మీద అడవిని నరికి, ఎండిన చెత్తను వేసవిలో కాల్చి, ఆ బూడిదలో సామలు, రాగులు, కందులు విత్తి, కొన్ని పంటల తరువాత ఆ నేలను మళ్ళీ అడవికి వదిలే పద్ధతి ఇది. నేలను చాలినన్ని ఏళ్ళు వదిలిపెట్టిన కాలంలో పోడు ముక్కలు తుప్పలుగా, తుప్పలు అడవిగా మారి, రకరకాల వయసుల పొదలు ఏర్పడేవి. జనాభా పెరిగి, అడవి మీద హక్కులు కుంచించుకుపోయి, వదిలిపెట్టే ఏళ్ళు తగ్గిపోయినప్పుడు ఆ తుప్పలకు పెరిగే వ్యవధి లేకుండా పోయింది. దానికి తోడు వేసవి మంటలు. మార్చి, ఏప్రిల్ నెలల్లో కొండల మీద పాకే మంట పెద్ద చెట్లను చంపకపోవచ్చు. ఆకుచెత్తనూ లేత పొదలనూ మాత్రం పూర్తిగా కాల్చివేస్తుంది. బాబ్లర్ గూడు కట్టే నెలలు అక్కడినుంచే మొదలవుతాయి. మంట తరువాత దూరం నుంచి చూసేవారికి అడవి పచ్చగానే కనిపిస్తుంది, ఉపగ్రహం తీసిన చిత్రంలో కూడా పందిరే కనిపిస్తుంది. పోయినది అడుగుపొర కనుక దాని లెక్క ఎక్కడా నమోదు కాదు.

పోడుకు ప్రత్యామ్నాయంగా వచ్చిన కాఫీ ఈ కొండల ఆర్థిక జీవితాన్ని మార్చిందనడంలో సందేహం లేదు. గిరిజన కుటుంబాలు చిన్న చిన్న కమతాల్లో నీడ కింద పండించే కాఫీకి 2019లో అరకు వ్యాలీ అరబికా పేరుతో భౌగోళిక గుర్తింపు లభించింది. ఎండలో పండించే కాఫీతో పోలిస్తే నీడ కాఫీ అడవికి ఎంతో మేలు. చెట్లు నిలుస్తాయి, నేల కోసుకుపోదు, కొమ్మల్లో తిరిగే పక్షులకు చోటు దొరుకుతుంది. కాని నీడ కోసం ఏ చెట్టును ఉంచుతారు, కింద ఏమి మిగులుతుంది అన్న రెండు విషయాలను బట్టి ఆ మేలు మారుతుంది. చాలా చోట్ల సహజమైన చెట్ల స్థానంలో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన సిల్వర్ ఓక్‌ను నాటి, దాని నిటారైన మానుకు మిరియపు తీగను పాకిస్తారు. కింద కాఫీ మొక్కలకు పోటీ రాకుండా కలుపుగా భావించి తుప్పలన్నిటినీ కొట్టివేస్తారు. రైతు దృష్టిలో అది న్యాయమైన పనే. బీలర్, కృష్ణరాజు, షాహిద్ అలీ కలిసి 1987లో ఐబిస్ పత్రికలో ప్రచురించిన వ్యాసం, మనుషుల వాడుకతో రూపు మారిన తూర్పు కనుమల అడవులను పక్షులు ఎంతవరకు వాడుకుంటాయన్న విషయాన్నే పరిశీలించింది. దశాబ్దాల కిందటే వేసిన ఆ ప్రశ్న, కాఫీ విస్తరించిన నేటి మన్యంలో మరింత అవసరమైనది. గెడ్డ ఒడ్డున రెండు వైపులా ఒక పట్టీ మేర తుప్పలను కొట్టకుండా వదిలిన తోటకూ, నీటి అంచు దాకా శుభ్రం చేసిన తోటకూ మధ్య తేడాను అధికారులు రైతులకు చెప్పవలసిన సమయం ఇది.

ఈ ఉపజాతి మీద అంతగా దృష్టి పడకపోవడానికి గణన పద్ధతి కూడా ఒక కారణం. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ముప్పు జాబితాలో అబాట్ బాబ్లర్ జాతికి తక్షణ ముప్పు లేదని ఉంటుంది. నేపాల్ నుంచి బోర్నియో దాకా ఉన్న జాతికి అది నిజమే. ఆ జాబితా జాతిని మొత్తంగా తూస్తుంది కనుక, విశాఖ కనుమలలో మాత్రమే ఉన్న కృష్ణరాజుయి శాఖ బాగోగులు ఆ పెద్ద అంకెలో మునిగిపోతాయి. దాదాపు అదే కాలంలో, 1986లో, బొంబాయి సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లాలో కలివికోడిని తిరిగి కనుగొన్నప్పుడు, అంతరించిందనుకున్న పక్షి బతికే ఉందన్న వార్త దేశమంతా పాకి, దాని కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడి, దాని నివాసం మీదుగా తవ్వదలచిన కాలువ దారి సైతం చర్చకు వచ్చింది. కలివికోడికి దక్కిన ఆ శ్రద్ధ సర్వథా సమంజసమే. రెండేళ్ళ వ్యవధిలో ఆంధ్రదేశంలో వెలుగు చూసిన రెండు పక్షుల్లో ఒకటి మాత్రమే ప్రజల నోట నానడం, రెండోది పరిశోధకుల పట్టికలకే పరిమితం కావడం విచారకరం.

గెడ్డల భవిష్యత్తు కొండ పైభాగంతో ముడిపడి ఉంటుంది. ఖోండలైట్ అనే రాయి లక్షల ఏళ్ళ వానలకు శిథిలమై, కొండల నెత్తిన బాక్సైట్ పొరగా మారింది; వానకాలపు నీరు ఆ పొరలో ఇంకి, వేసవిలో కూడా వాలుల్లో ఊటలుగా బయటికి వస్తుంది. ఊటే లేకపోతే గెడ్డ ఒడ్డున తేమ లేదు, తేమ లేకపోతే బాబ్లర్ లేదు. అనంతగిరి మండలంలోని బొర్రా పరిసరాలలో గనుల లీజుల మీద సాగిన పోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1997 జూలైలో సమత తీర్పుగా వెలువడింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకూ ప్రైవేటు సంస్థలకూ లీజుకివ్వడం చెల్లదన్న ఆ తీర్పు మనుషుల హక్కుల కోసం వచ్చిందే గాని, దాని నీడలో ఊటలూ గెడ్డలూ కూడా నిలిచాయి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అయిదో సెక్షన్, అడవినీ, వన్యప్రాణులనూ, నీటి వనరులనూ, వాటి పరీవాహక ప్రాంతాలనూ కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. అంటే, కాఫీ తోటల్లో కలుపు తీసే నెలలో గెడ్డ ఒడ్డు తుప్పలను ఎక్కడిదాకా కొట్టాలో, వేసవిలో మంటను ఏ గట్టు దగ్గర ఆపాలో తీర్మానించే చట్టబద్ధమైన అధికారం నేడు మన్యం గ్రామాల చేతుల్లోనే ఉంది.